భూపాలపల్లి స్టేషన్ తలుపు

మొదట ఎడమ కిటికీ చీకటైంది. అది మళ్లీ వెలిగేలోపు మధ్య కిటికీ, ఆ వెంటనే కుడి కిటికీ. ఎవరో దీపం ముందు నుంచి, తొందర లేకుండా, ఒక గదిలోంచి ఇంకో గదిలోకి నడిచిపోయినట్టు.

ఆ కిటికీలు ఒక్కొక్కటి అగ్గిపెట్టె అంత. మా పెరట్లో బొమ్మ రైలు ఆగే స్టేషన్‌కు అవి కిటికీలు. పాత ట్యూబులైటు మీది తెల్లటి ప్లాస్టిక్ మూతను కోసి నేనే అతికించాను. లోపల నేలకు ఆనించి చిన్న సోలార్ బల్బు ఉంది. పొద్దు గూకగానే దానంతట అదే వెలుగుతుంది. ఆ సాయంత్రం వాన అప్పుడే వెలిసింది. నేను వెనక గడపలో నిలబడి తడిసిన బట్టలు పిండుతున్నాను. స్టేషన్ లోపల ఎవరూ ఉండరు. మాకున్న ముగ్గురు మట్టి మనుషులు, నా మధ్యవేలంత ఎత్తువాళ్లు, ప్లాట్‌ఫారం మీద ఎప్పటి చోటే నిలబడి ఉన్నారు.

నా కూతురు స్టేషన్ ముందు గొంతుక్కూర్చుని ఉంది. ఒక చేతి గుప్పిట్లో వడ్లు. ఇంకో చెయ్యి కప్పు అంచు మీద. ఆ కప్పు ఎత్తితే ఊడి వస్తుంది. బల్బు పాడైతే మార్చడానికి అలా వచ్చేట్టు చేసింది నేనే.

మేము ఉండేది జనగామలో, ఊరి చివర. మా ఆయన భూపాలపల్లిలో బొగ్గుబాయి మీద ఎలక్ట్రీషియన్. సెలవు దొరికిన రోజు హనుమకొండలో బస్సు మారి ఇంటికి వస్తాడు, మర్నాడు మళ్లీ వెళ్లిపోతాడు. నేను పుట్టి పెరిగింది మహబూబాబాద్‌లో. మేము మానుకోట అనే అంటాం. మా అమ్మగారిల్లు రైలు గేటుకు దగ్గర. అందుకని నా పిల్లలిద్దరికీ లోకమంటే మూడూళ్లు: తాముండే ఊరు, అమ్మమ్మ ఊరు, డాడీ ఊరు. మొదటి రెండు ఊళ్లకూ రైలుంది. మూడోదానికి లేదు. డాడీ రైల్లో ఎందుకు రాడని నా కొడుకు అడగడం మొదలుపెట్టాడు. వాడికప్పుడు మాటలు పూర్తిగా తిరగవు, ఈ ఒక్క ప్రశ్న మాత్రం స్పష్టంగా అడిగేవాడు. భూపాలపల్లికి పట్టాలు లేవని చెబితే, అయితే వేయమన్నాడు.

మా ఆయన వేశాడు. కిటికీలు చేసే అల్యూమినియం దుకాణంలో మిగిలిపోయిన సన్నపట్టీలు తెచ్చి, వాటి కింద ప్లాస్టిక్ ముక్కలను స్లీపర్లలా బిగించి, పెరట్లో జామచెట్టు చుట్టూ కోడిగుడ్డు ఆకారంలో లైను వేశాడు. ఇంజను బ్యాటరీతో నడిచేది, రెండు చేతులతో ఎత్తాల్సినంత పెద్దది. హైదరాబాద్‌లో పాత సామాన్లు అమ్మే చోట దొరికింది. ఆయన రెండు మూడు సెలవులు దాని మీదే గడిచాయి. లైను పూర్తయిన మర్నాడు ఆయన డ్యూటీకి వెళ్లిపోయాడు. రైలు గుండ్రంగా తిరుగుతూ ఉంది, ఆగడానికి మాత్రం ఏ ఊరూ లేదు. బిల్డింగులు నా పని అని ఎవరూ అనలేదు. మిగిలినదాన్ని నేనే కాబట్టి నా పనైంది.

మొదట అట్టముక్కలతో జనగామ స్టేషన్ కట్టాను. వడ్రంగులు వాడే తెల్ల జిగురుతో అతికించి రంగు వేశాను. చూసినవాళ్లందరూ బాగుందన్నారు. ఒక్క వానకు అది తడిసిన రొట్టెలా కూలబడింది. రెండోసారి థర్మాకోల్ వాడాను. వాన తట్టుకుంది కానీ కోతులు వచ్చి గోడ మీదికి ఎత్తుకుపోయి, తినేదేమో అని కొరికి చూసి, మా పక్కింటి వాళ్ల రేకుల మీద పారేశాయి. ఆ పక్కింటాయన, నేను అన్న అంటాను, దాన్ని చేత్తో పట్టుకొచ్చి, "ఇగో చెల్లె, జనగామ టేషన్ మా ఇంటి మీదికి బదిలీ అయింది" అని ఇచ్చిపోయాడు.

డిగ్రీలో నేను చదివింది కెమిస్ట్రీ. అది ఇక్కడ పనికొచ్చిందని చెప్పలేను. పనికొచ్చింది ఫ్లెక్సీలు, బోర్డులు చేసే దుకాణంలో పారేసే ఫోమ్ షీటు ముక్కలు. అట్టలా కత్తితో తెగుతుంది, నీళ్లు పీల్చదు. పైపులు అతికించే సొల్యూషన్‌తో అతికిస్తే విరిచినా ఊడదు. మూలలన్నిటికీ లోపలి నుంచి సిలికాన్ పట్టించి వేలితో సాపు చేయాలి. ఎక్కడైనా వెంట్రుకంత సందు వదిలితే నీళ్లు అక్కడే దారి చేసుకుంటాయి. నేల కూడా గోడలతో కలిపే అతికించాను, కింది నుంచి చెమ్మ ఎక్కకూడదని. అంతా మూసేస్తే లోపల ఆవిరి పట్టి బూజు వస్తోంది. అందుకని నేలకు నాలుగు మూలల్లో కాల్చిన మేకుతో పెన్సిలు లావు రంధ్రాలు పెట్టాను.

ఎండ వేరే సంగతి. వేసవిలో మా పెరట్లో చెప్పులు లేకుండా నడవలేం. ముదురు రంగు వేసిన గోడ మధ్యాహ్నానికి పాపడంలా వంగిపోయింది. లేత రంగులే వేయాలని, కప్పుకూ గోడకూ మధ్య కాస్త వదులు ఉంచాలని రెండు గోడలు పాడయ్యాక తెలిసింది. కప్పుకు రేకులు కూల్‌డ్రింకు డబ్బాలవి. డబ్బాను కోసి, సాపు చేసి, వెడల్పు పళ్ల దువ్వెన మీద పెట్టి మొద్దు పెన్నుతో నొక్కితే అచ్చం రేకుల షెడ్డు మీది గీతలే వస్తాయి. అంచులు మడిచి కొట్టాను, పిల్లల వేళ్లు తెగకుండా. వాన పడితే కింది నుంచి మట్టి చిమ్మి గోడలు ఎర్రగా అయ్యేవి, అందుకని ఒక్కో స్టేషన్‌కు నేల కన్నా జానెడు ఎత్తులో సిమెంటు దిమ్మె పోయించాం. కోతుల భయానికి స్టేషన్‌ను రెండు చివరలా బోల్టులతో ఆ దిమ్మెకు బిగించాను. ఊడదీయాల్సి వస్తే తుప్పు పట్టి మొరాయించకుండా నట్లకు ఆముదం రాసేదాన్ని. కప్పుకు మాత్రం లోపల సైకిల్ ట్యూబు ముక్కతో కొక్కెం పెట్టాను. గాలికి లేవదు, పిల్లలు లాగితే వస్తుంది. ఆ కొక్కేన్ని కోతులు ఇంకా కనిపెట్టలేదు.

జనగామ, మానుకోట స్టేషన్లు చూసి చేసినవి. మానుకోటది నేను కళ్లు మూసుకుని కూడా చేయగలను. భూపాలపల్లి స్టేషన్‌కు చూసి చేయడానికి అసలు స్టేషనే లేదు కాబట్టి పిల్లల్ని అడిగాను. కూతురు రెండు గదులు కావాలంది. ఒకటి టికెట్లకు, ఒకటి నైట్ డ్యూటీ చేసి వచ్చిన డాడీ పడుకోడానికి. అందుకని మధ్యలో గోడ పెట్టి, అందులో చిన్న దారి వదిలాను. కొడుకు పెద్ద తలుపు కావాలన్నాడు. తలుపు పెద్దదే పెట్టాను, నా మూడు వేళ్లు పట్టేంత. పసుపు బోర్డు మీద తెలుగు అక్షరాలు కూతురు రాసింది, హిందీవి వాళ్ల డాడీ రాశాడు. మూడింట్లోకీ అదే అందంగా కుదిరింది. లైనుకు అవతలి వంపులో, గోడ దగ్గర, వాన జల్లు తక్కువ పడే చోట పెట్టాం.

తలుపుల వెనక దోమల జాలి అతికించడం నా అలవాటు. బల్లులు, కప్పలు దూరకుండా. మూడు స్టేషన్లకూ అతికించాను. మా అత్తమ్మ మాతోనే ఉంటుంది. ఇంట్లో ఆమె పెట్టిన పద్ధతి ఒకటుంది. సాయంత్రం దీపం పెట్టే వేళకు ముందు తలుపు తెరిచి ఉండాలి. వానైనా, దోమలైనా, దీపం వెలిగాక కాసేపు తలుపు మూయకూడదు. భూపాలపల్లి స్టేషన్ పెట్టిన మొదటి సాయంత్రం ఆమె వెనక అరుగు మీద కూర్చుని ఉంది. బల్బు దానంతట అది వెలిగింది. ఆమె కాసేపు చూసి, లేచి వెళ్లి, వంగి, జాలిని వేలితో తట్టింది.

"దీపం వెట్టిన ఇంటికి తలుపు మూస్తరా బిడ్డా? నా కొడుకు ఉండే ఊరాయె."

ఇది బొమ్మ అత్తమ్మా అని నవ్వాను. ఆమె నవ్వలేదు. వాదించనూ లేదు, లోపలికి వెళ్లి పసుపు, కుంకుమ తెచ్చి ఆ బెత్తెడు గడపకు బొట్టు పెట్టింది. మర్నాడు నేను బ్లేడుతో ఆ ఒక్క తలుపు జాలి కోసేశాను. ఆమె కోసమే అని చెప్పలేను. జాలి తీశాక లోపలి వెలుగు నేరుగా ప్లాట్‌ఫారం మీద పరుచుకుంది. మట్టి మనుషుల నీడలు పట్టాల దాకా వచ్చాయి. ఫోటో తీసి మా ఆయనకు పంపాను. డ్యూటీ దిగి చూసుకుని, మా ఊరు బాగుందే అన్నాడు.

వానలు మొదలయ్యాక పిల్లలు గూడ్సు బండి నడపడం నేర్చుకున్నారు. జనగామ మార్కెట్ నుంచి వడ్లు పోతాయి, భూపాలపల్లి నుంచి బొగ్గు వస్తుంది. బొగ్గు నిజమైనదే, వాళ్ల డాడీ జేబులో వేసుకొచ్చిన నాలుగు పెళ్లలు. వడ్లు అత్తమ్మ కోళ్లకు వేసే సంచిలోవి. భూపాలపల్లిలో దించిన వడ్లు కప్పు ఎత్తి డాడీ గదిలో పోసేవాళ్లు. కొన్నాళ్లకు వడ్లు తగ్గుతున్నాయని కూతురు గమనించింది. డాడీ తింటున్నాడని తమ్ముడికి చెప్పింది. వాడు ఇంకా ఎక్కువ పోశాడు. ఆ గదిలో గింజ పోయి వట్టి ఊక మిగలడం నేనూ చూశాను. ఎలుక అనుకున్నాను. సెలవులకు మా ఆయన వచ్చినప్పుడు మందు పెట్టిద్దామనుకున్నాను. వానాకాలంలో మా పెరడంతా తడి. కట్టెల మోపు తడి, బట్టలుతికే బండ కింద తడి, గోడ సందులు తడి. ఆ పెరట్లో ఎండు చోటు, గింజ ఉన్న చోటు, తలుపు తెరిచి ఉన్న చోటు ఒక్కటే. దాన్ని అంత ఎండుగా ఉంచడానికి నేను ఎంత పాటుపడ్డానో పైన రాశాను.

నాకు భయం ఎక్కువ. మా ఆయన బాయిలోకి దిగే మనిషి అన్న కారణం ఒకటి చెప్పుకుంటాను కానీ పెళ్లికి ముందూ నేనింతే. పిల్లలు జామచెట్టు ఎక్కితే పడతారని, పాలు వేడిగా తాగితే కాలుతుందని, పరుగెత్తితే జారతారని రోజంతా అంటూనే ఉంటాను. నా గొంతు వాళ్లకు ఫ్యాను చప్పుడు లాంటిది, ఉన్నట్టు కూడా తెలియదు. ఒకసారి కూతురు నన్ను చూడకుండానే అంది, "అమ్మా, నువ్వు అన్నిటికీ గట్లనే అంటవ్." అత్తమ్మ పక్కకు తిరిగి నవ్వుకుంది.

ఆ సాయంత్రం, కిటికీలు ఒక్కొక్కటే చీకటై వెలిగినప్పుడు, నా నోటి నుంచి కేక రాలేదు. ఎందుకు రాలేదో ఇప్పటికీ చెప్పలేను. చేతిలో చీర కొంగు నుంచి నీళ్లు కారుతున్నాయి. చాలా మెల్లగా, పక్కన కూర్చున్న మనిషితో మాట్లాడినట్టు అన్నాను.

"బిడ్డా, చెయ్యి తియ్యి. కప్పు ఎత్తకు. లేసి నా దిక్కు రా."

అది నా మామూలు గొంతు కాదు కాబట్టి తను తల ఎత్తి చూసింది. కప్పు మీది చెయ్యి తీసింది. వడ్లు ప్లాట్‌ఫారం మీద రాలిపోయాయి. వచ్చి నా నడుం పట్టుకుని నిలబడింది. కొడుకు జామచెట్టు దగ్గర ఇంజను తిప్పుతున్నాడు. వాణ్ణి వెళ్లి ఎత్తుకొచ్చాను. ఇద్దరినీ లోపల అత్తమ్మ దగ్గర వదిలి, వెనక తలుపు మూసి, టార్చి తీసుకుని దూరం నుంచే కిటికీ మీద కొట్టాను. తెల్ల ప్లాస్టిక్ వెనక ఏదో సన్నగా, నల్లగా, మడతలు పడి ఉంది. కదలలేదు.

పక్కింటి అన్నను పిలిచాను. కర్ర పట్టుకుని వచ్చాడు, ఆయన వెనక ఇంకో ఇద్దరు వచ్చారు. అన్న దూరం నుంచి చూసి, పామే, అనుమానమే లేదన్నాడు. బొమ్మే కదా, జర పెట్రోలు పోసి అంటుపెడితే అయిపోతుంది, మళ్లీ ఇంకోటి కట్టుకోవచ్చు అన్నాడు. ఆయన చెడ్డగా అనలేదు. నేను కూడా ఒక నిమిషం అదే మేలనుకున్నాను. కానీ మంట పెడితే లోపలిది ఊరుకోదు, ఆ తలుపులోంచి ఎటు వస్తుందో ఎవరికీ తెలియదు. దిమ్మె పక్కనే కట్టెల మోపు ఉంది. అందులో దూరితే ఆ రాత్రే కాదు, తర్వాత ఏ రాత్రీ మేము పడుకోలేం. ఊళ్లో పాములు పట్టే అతని నంబరు అన్న దగ్గరే ఉంది. ఫోన్ చేయమన్నాను. అతను వచ్చేదాకా మేమంతా ఆ తలుపునే చూస్తూ నిలబడ్డాం. లోపల బల్బు వెలుగుతూనే ఉంది, మట్టి మనుషుల నీడలు పట్టాల మీద పడుతూనే ఉన్నాయి.

అతను బండి మీద వచ్చాడు. నాకన్నా చిన్నవాడు. ఇనుప కొక్కెం, మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బా తెచ్చాడు. ముందు టార్చి కిందికి వంచి తలుపులోంచి చూశాడు. వెనక్కి జరిగి నిలబడ్డాడు.

"కట్లపామక్కా. పిల్లలు చెయ్యి పెట్టలే గద?"

"పెట్టలే" అన్నాను. కుట్టినా నొప్పి పెద్దగా తెలియదని, తెల్లవారేసరికి ఊపిరి అందదని ఆ పాము గురించి మా అందరికీ తెలుసు. వడ్ల కుప్ప మీద పడుకున్న దాని పైకి నా కూతురి గుప్పిట రాబోయింది.

కప్పు ఎత్తి కొక్కెంతో లాగుదామని అతని ఆలోచన. వద్దన్నాను. లోపల రెండు గదులున్నాయని, మధ్యలో గోడ ఉందని, ఒక గదిలో కొక్కెం పెడితే అది రెండో గదిలోకి పోతుందని, కప్పు తీస్తే రెండు వైపులా తెరుచుకుంటుందని చెప్పాను. అతను తల గోక్కున్నాడు. అయితే ఏం చేద్దామని అడిగినట్టు నా వైపు చూశాడు. దానికి బయటికి దారి ఆ తలుపు ఒక్కటేనని, తలుపు మూస్తే స్టేషన్‌ను స్టేషన్‌గానే ఎత్తుకుపోవచ్చని చెప్పాను.

"కింద ఏం సందులు లేవా?"

"నీళ్లు పోయే రంధ్రాలు నాలుగు. పెన్సిలు లావు."

"గోడలు?"

"నీళ్లు కూడా పోవు."

"ఖాయమేనా అక్కా? చీకటి, గింత మంది ఉన్నరు. నడుమ ఊడిందంటె పరేషాన్ అయితది."

నేను దేనికీ ఖాయమని అనే మనిషిని కాదు. గ్యాస్ కట్టేశానో లేదో మూడుసార్లు చూసుకుంటాను. కానీ ఆ స్టేషన్‌లో ప్రతి మూలా నా వేలితో సాపు చేసింది. మొత్తం వానాకాలం అది ఒక్క చుక్కను లోపలికి రానివ్వలేదు. లోపలికి రానివ్వనిది బయటికీ పోనివ్వదు.

"ఖాయమే" అన్నాను.

చెక్క పలక ముక్క ఒకటి పొడుగు కర్రకు కట్టి, పక్క నుంచి మెల్లగా తలుపుకు అడ్డం పెట్టాడు. అన్న ఆ కర్రను నొక్కి పట్టుకున్నాడు. ఎప్పుడూ వేళాకోళాలాడే మనిషి పలక మీది నుంచి చూపు తిప్పలేదు. పాములతను పలక మీదుగా, కప్పు మీదుగా తాడు రెండు చుట్లు తిప్పి బిగించాడు. నేను స్పానరు అందించి, నట్లు ఎక్కడున్నాయో టార్చి వెలుగుతో చూపించాను. ఆముదం రాసినవి కాబట్టి చేత్తో తిప్పినట్టే తిరిగాయి. స్టేషన్‌ను ఎత్తి గోనెసంచిలోకి దించుతుంటే లోపల వడ్లు ఒక పక్కకు జారిన చప్పుడైంది. వడ్లతో పాటు ఇంకేదో జారిన చప్పుడు కూడా. మేమంతా వెనక్కి జరిగాం. ఏ సందులోంచీ ఏదీ రాలేదు.

అన్న బండి నడిపాడు, అతను వెనక సంచి పట్టుకుని కూర్చున్నాడు. ఊరవతల గుట్టల వైపు వెళ్లారు. పిల్లలు పడుకున్నాక అన్న ఒక్కడే ఖాళీ స్టేషన్ తెచ్చి గేటు లోపల పెట్టాడు. పలక తీయగానే తలుపులోంచి రాలేదట, కప్పు ఎత్తాకే వచ్చిందట. "దానికి గూడ మీ టేషన్ ఇడిసిపెట్ట బుద్ధి కాలె చెల్లె" అన్నాడు. నేను నవ్వలేకపోయాను.

లోపల అత్తమ్మ పిల్లలకు స్టేషన్‌లో కరెంటు షార్టయిందని, ముట్టుకుంటే షాక్ కొడుతుందని చెప్పి పడుకోబెట్టింది. తను మాత్రం దేవుడి గూటి ముందు కూర్చుని ఉంది. పిల్లలు చల్లగుంటే కురవి గుళ్లో వీరన్న దేవుడికి కోరమీసాలు చేయించి పెడతానని మొక్కుకుందట. ఆ జాలి సంగతి ఆమె ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. కాసేపయ్యాక తనే, పిల్లలకు పాము సంగతి చెప్పొద్దంది. రాత్రిపూట దాని పేరు ఎత్తడమే ఆమెకు ఇష్టం ఉండదు. జడుసుకుంటారు, జ్వరం వస్తుంది, రేపు ఆ స్టేషన్ ఎక్కడో దాచెయ్యమంది. మా ఆయనకు ఫోన్‌లో అంతా చెప్పాను. తను వచ్చాక లైను మొత్తం పీకేద్దామన్నాడు. తను వేసిన లైను అది. ఆ మాట అనడానికి ఆయనకు ఎంత కష్టమైందో నాకు తెలుసు.

నేను పిల్లల పక్కన కూర్చుని ఆలోచించాను. లైను పీకేస్తే కట్టెల మోపు ఉంటుంది. కట్టెలు తీసేస్తే బట్టల బండ ఉంటుంది, చెప్పుల స్టాండు ఉంటుంది, బడిలో గోడ ఉంటుంది. మానుకోటకు వెళ్తే అమ్మమ్మ ఇంటి వెనక పత్తి కట్టె ఉంటుంది. షాక్ కొడుతుందని చెబితే కరెంటు లేని రోజు చెయ్యి పెడతారు. ఏమీ చెప్పకపోతే రేపే పెడతారు. చెబితే నమ్ముతారా అన్నది ఇంకో సంగతి. రోజంతా అన్నిటికీ వద్దు వద్దనే మనిషి చెప్పే వద్దుల్లో ఇది ఏదని వాళ్లకు తెలుస్తుంది?

ఇప్పుడు భూపాలపల్లి స్టేషన్ తలుపు తెరిచే ఉంటుంది. దాని వెనక, వేలెడు లోపలికి, ఇనుప జాలి బిగించి నల్లరంగు వేశాను. దూరం నుంచి చూస్తే చీకటి గది అనుకుంటారు. దీపం వేళకు అత్తమ్మకు తలుపు తెరిచినట్టే కనిపిస్తుంది, నాకు మూసినట్టే. గూడ్సు బండిలో వడ్లకు బదులు ఇసుక పోతోంది. లైను పీకలేదు. కానీ ఇదంతా తర్వాతి మాట.

మర్నాడు పొద్దున కూతురు పళ్లు తోముకుంటూ పెరట్లోకి వచ్చి, ఖాళీగా ఉన్న దిమ్మె చూసి, స్టేషన్ ఏదమ్మా అంది. తమ్ముడు వెనకే వచ్చి నిలబడ్డాడు. అత్తమ్మ వంటింటి గుమ్మంలోంచి నా వైపు చూసి వద్దన్నట్టు తల ఊపింది. నేను పిల్లలిద్దరినీ గేటు దగ్గరికి తీసుకెళ్లాను. కప్పు తీసి, తలుపు దగ్గర చుట్టుకున్న తాడు గుర్తులు, లోపల గదిలో చెదిరిన వడ్లు, ఊక చూపించాను. కూతురు చెయ్యి పట్టుకుని, నిన్న తను ఎక్కడ పెట్టబోయిందో అక్కడ పెట్టించాను. అప్పుడు చెప్పాను.

"నిన్న ఇందుల కట్లపాము ఉండె. షాక్ కాదు. పాములు పట్టేటాయన వచ్చి పట్టుకపోయి గుట్టల ఇడిసిపెట్టిండు. అది చెడ్డది కాదు, వానకు తడవని జాగ దొరికిందని వచ్చింది, ఎలుక కోసం వచ్చింది. కానీ కుడితె మనిషి బతుకుడు కష్టం. అందుకని ఒక్క మాట చెప్త, ఇద్దరు ఇనుండ్రి. కంటికి కనవడని జాగల చెయ్యి పెట్టొద్దు. టేషన్ల గాని, కట్టెలల్ల గాని, చెప్పుల గాని. ముందు చూడాలె, కర్రతోని తట్టాలె, నన్ను పిలవాలె. ఇగ వానల తడుస్తరా, తడువుండ్రి. జామచెట్టు ఎక్కుతరా, ఎక్కుండ్రి. ఇయ్యాల్టి సంది నేను అన్నిటికి వద్దని అనను. గిది ఒక్కటే వద్దంటున్న."